రెండో స్లైడు

డార్విన్‌లో జనవరి.
కిటికీ అవతల వాన అనడానికి లేదు, నిలబడ్డ నీళ్ళు.
ల్యాబులో ఏసీ రొద, గోడ మీద బల్లి, నేను.
రాత్రి రెండూ నలభైకి ఎమర్జెన్సీ నించి
ఊదారంగు మూత గొట్టంలో నెత్తురు వచ్చింది.
కాలమ్ రెడ్‌ఫర్న్, ముప్పై నాలుగేళ్ళు.
బోర్నియో అడవిలో మూడు వారాలుండి
చెట్ల చుట్టుకొలతలు రాసుకొచ్చాడట.
దోమలు కుట్టాయా అని అడిగితే
నవ్వాడని కూడా చీటీలో రాసింది డ్యూటీ డాక్టరు.

గాజుపలక మీద చుక్క, ఇంకో పలకతో ఒక్క తోపు.
గీమ్సా రంగు పోసి, కడిగి, ఆరబెట్టి,
నూనెబొట్టు వేసి కటకం దించాను.

ఈ చూపు నాకు కాలేజీ ఇవ్వలేదు.
మా నాన్న చిలకలపూడిలో గిల్టు నగలు చేసేవాడు,
అసలు కంసాలి కూడా ఒక్క క్షణం ఆగి చూసేలా.
"నగని చూడకే, అతుకుని చూడు" అనేవాడు
రాగిపొడి అంటిన వేలితో చూపిస్తూ.

అందుకే ఎర్రకణాల్లో నాకు కనబడేవి నగలే.
ఫాల్సిపారమ్‌ది సన్న ఉంగరం,
ఒక్కోసారి రెండు రాళ్ళు పొదిగి,
ఒక్కోసారి కణం అంచునే అంటుకుని, తమ్మెకి దుద్దులా.
వైవాక్స్ దూరిన కణం పులిసిన పిండిలా ఉబ్బుతుంది,
లోపలంతా కుంకుమ చిలకరించినట్టు.
ఓవేల్ కణం అంచు ఎలక కొరికిన రవిక.
మలేరియేది వడ్డాణం, నడుముకి అడ్డంగా ఒక్క పట్టీ.
పుస్తకంలో ఇంతే.
పుస్తకంలో ఎవరి నగలు వాళ్ళే పెట్టుకుంటారు.

కాలమ్ నెత్తుట్లో వడ్డాణాలు.
రెండు. ఐదు. పదకొండు.
మలేరియే అని రాసేశాను.
నిదానపు పురుగు, మూడేసి రోజులకోసారి
తలుపు తట్టే వడ్డీ వ్యాపారి లాంటిది.
రాసి, టీ పెట్టుకున్నాను.

టీ తాగలేదు.
వడ్డాణాల మధ్య ఆ ఉంగరాలేమిటి?
ఒకే కణంలో మూడు.
పక్కదాంట్లో అంచుకి అంటుకుని ఒకటి.
మలేరియే ఇంత కిక్కిరిసి కాపురం చెయ్యదే!
మళ్ళీ లెక్కపెట్టాను. వెయ్యి కణాలకి నాలుగు.
ఫోన్ చేసి ఇంకో గొట్టం కావాలన్నాను.
"రిపోర్టు మీరే ఇచ్చారు కదా?"
నేనే ఇచ్చాను. తప్పు ఇచ్చానేమో.
అటువైపు చాలాసేపు మాట లేదు,
వాన మాత్రం రెండు చెవుల్లోనూ.

తెల్లారి ఎనిమిదింటికి రెండో స్లైడు.
వెయ్యికి పదకొండు.
రాత్రి వడ్డాణాలన్నీ పగిలి
పసి ఉంగరాలై నెత్తురంతా పరుచుకున్నాయి.
ఒక్క రోజుకే ఒక తరం!
అడవి కోతుల జ్వరం ఇది, నోలెసై.
చిన్నప్పుడు ఒకరి ఉంగరం పెట్టుకుని,
పెద్దయ్యాక ఇంకొకరి వడ్డాణం ఎరువు తెచ్చుకుని,
కటకం కింద ఎంతసేపైనా అబద్ధం ఆడగలదు.
గడియారం ముందు ఆడలేదు.
నాన్నా, నీ గీటురాయి నాకు గోడ మీదే ఉంది,
నేనే తలెత్తి చూడలేదు.

పగటి డ్యూటీకి వచ్చిన లూర్దెస్
తడిసిన గొడుగు సింకులో పెట్టి, కటకంలో చూసి,
"నేనైనా మలేరియే అనే రాసేదాన్ని" అంది.
దయతో అందో, నిజమే చెప్పిందో
ఆమె మొహంలో అతుకు కనబడలేదు.
పైఅంతస్తులో కాలమ్‌కి నరంలోకి మందు ఎక్కుతోంది.
ఇంకో గొట్టం మంచుపెట్టెలో మెల్‌బోర్న్‌కి బయల్దేరింది,
జన్యువుల సాక్ష్యం కోసం.

కంప్యూటర్లో నా మొదటి మాట చెరగదు.
దాని మీద ఒక గీత పడుతుంది, కింద సవరణ వస్తుంది.
గీత కింద అక్షరాలు అలాగే ఉంటాయి,
నా పొడి సంతకంతో,
రెండూ యాభై రెండు అన్న సమయంతో.